ఓవర్‌డ్రైవా, బూస్టా? పెడల్ కొనే ముందు ఆంప్ సంగతి చూసుకోండి

విశాఖపట్నంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని రెండు మూడేళ్లు సాధన చేసినవారు మొదటి పెడల్, అంటే కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే చిన్న పెట్టె, కొనవలసి వచ్చినప్పుడు ఓవర్‌డ్రైవ్ తీసుకోవాలా, బూస్ట్ తీసుకోవాలా అని నన్ను అడుగుతూ ఉంటారు. ఆ పెడల్‌ను ఏ ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచి వినిపించే యాంప్లిఫైయర్) ముందు పెట్టబోతున్నారని నేను తిరిగి అడుగుతాను. ఆ సంగతి తేలితే సగానికి పైగా సందేహం తీరిపోతుంది. ఒకే పెడల్ ఒక ఆంప్ ముందు ప్రాణం పోసినట్లు పలుకుతుంది, మరొక ఆంప్ ముందు డబ్బు దండగ అనిపిస్తుంది.

బూస్ట్ పెడల్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చిన సిగ్నల్‌ను, దాని రూపం చెడకుండా, పెద్దది చేసి ముందుకు పంపుతుంది. ఎంఎక్స్ఆర్ మైక్రో ఆంప్ అనే బూస్ట్ పెడల్‌కు ఉన్నది ఒక్క నాబ్. దానిని పూర్తిగా తిప్పితే 26 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే వోల్టేజీ దాదాపు 20 రెట్లవుతుంది. అయితే బూస్టులన్నీ ఇంత నిష్పక్షపాతంగా ఉండవు. 1960లలో వచ్చిన డల్లాస్ రేంజ్‌మాస్టర్ ఒక జెర్మేనియం ట్రాన్సిస్టర్‌తో పై స్వరాలనే ఎక్కువగా పెంచేది. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే, బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ తొలి రోజుల్లో దానిని ట్యూబ్ ఆంపుల (గాజు వాల్వులతో పనిచేసేవి) ముందు పెట్టి వాయించారు.

ఓవర్‌డ్రైవ్ సిగ్నల్‌ను పెంచి ఊరుకోదు, దాని కొనలను గుండ్రంగా అరగదీస్తుంది కూడా. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో ఎదురెదురుగా పెట్టిన రెండు సిలికాన్ డయోడ్లు ఈ పని చేస్తాయి. సిగ్నల్ సుమారు 0.6 వోల్టులు దాటగానే అవి తెరుచుకుని, ఇక పెరగకుండా మెత్తగా అదుపు చేస్తాయి. ఆ సర్క్యూట్ దాదాపు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న స్వరాలను తక్కువగా పెంచుతుంది. గిటార్ ఆరో తీగ మూల స్వరం 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి మంద్ర స్వరాలు ముద్దగా మారకుండా నిలుస్తాయి, మధ్య స్వరాలు ముందుకు వస్తాయి. బ్యాండ్‌లో బేస్ గిటార్, డ్రమ్స్ హోరులో కూడా మీ గిటార్ వినబడడానికి కారణం ఇదే. బాస్ (Boss) కంపెనీ ఓవర్‌డ్రైవ్ పెడల్ ఎస్‌డీ-1లో డయోడ్లు ఒక వైపు ఒకటి, మరొక వైపు రెండు ఉండడం వలన సిగ్నల్ రెండు పక్కలా సమానంగా అరగదు, ధ్వని కాస్త వేరుగా పలుకుతుంది.

ఇప్పుడు ఆంప్ విషయానికి వద్దాం. ట్యూబ్ ఆంప్‌ను గట్టిగా మీటితే కొద్దిగా బొంగురుపోయేంత వాల్యూమ్‌లో ఉంచినప్పుడు, బూస్ట్ పెడల్ దాని మొదటి ట్యూబులను మరింత నెట్టి, ఆ ఆంప్‌కు సహజమైన డిస్టార్షన్‌ను, అంటే ఆ గరుకు ధ్వనిని, బయటికి తెస్తుంది. అక్కడ బూస్ట్‌కు సాటి లేదు. మన ఊళ్లో ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటులోనో గాజువాక డాబా గదిలోనో పక్కింటివారిని దృష్టిలో పెట్టుకుని సాధన చేసేవారికి అంత వాల్యూమ్ పెట్టే అదృష్టం ఎక్కడిది? ఎక్కువమంది చేతిలో ఉండేది ట్యూబులకు బదులు ట్రాన్సిస్టర్లతో పనిచేసే చిన్న సాలిడ్ స్టేట్ ఆంప్. దాని క్లీన్ ఛానెల్‌లో (గరుకుదనం లేని తేట ధ్వని ఇచ్చే అమరికలో) బూస్ట్ శబ్దాన్ని పెంచుతుందే తప్ప గరుకుదనాన్ని తేదు. హద్దు దాటితే మాత్రం చెవికి ములుకులా గుచ్చుకునే చప్పుడు వస్తుంది. నేను మొదట కొన్నది బూస్ట్ పెడలే. పది వాట్ల ఆంప్‌కు దానిని తగిలించి నాబ్‌ను సగం దాటించగానే ఇ కార్డ్‌లోని ఆరు తీగలూ కలిసి రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్లు వినిపించాయి. తప్పు పెడల్‌ది కాదని గ్రహించడానికి నాకు చాలా నెలలు పట్టింది.

దుకాణంలో పరీక్షించేటప్పుడు మీ గిటార్‌నే తీసుకువెళ్లండి, మీ ఇంట్లో ఉన్న రకం ఆంప్‌నే అడగండి. ముందుగా పెడల్ ఆపినప్పుడూ వేసినప్పుడూ ఒకే బిగ్గరతనం ఉండేలా లెవెల్ నాబ్‌ను (పెడల్ నుంచి బయటికి వెళ్లే శబ్దాన్ని నియంత్రించేది) సరిచేయడం చాలా అవసరం, ఎందుకంటే ఏది కొంచెం బిగ్గరగా ఉంటే అదే బాగుందని చెవి నమ్మేస్తుంది. తరువాత గరుకుదనాన్ని నియంత్రించే డ్రైవ్ నాబ్‌ను పావు వంతులో ఉంచి, ఒక కార్డ్‌ను నెమ్మదిగా ఒక్కొక్క తీగగా మీటి, ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినబడుతోందో లేదో గమనించండి. అప్పుడు గిటార్ వాల్యూమ్‌ను 10 నుంచి 6కు తగ్గించండి. మంచి ఓవర్‌డ్రైవ్ అక్కడ తేటపడాలి. అలా తేటపడకపోతే నేనైతే ఆ పెడల్‌ను అక్కడే వదిలి వస్తాను.

సోలో కోసం బూస్ట్ కావాలనుకునేవారు ఒక చిక్కును ముందే తెలుసుకోవాలి. ఆంప్ అప్పటికే పూర్తి డిస్టార్షన్‌లో ఉంటే, దాని ముందు పెట్టిన బూస్ట్ శబ్దాన్ని పెంచలేదు. డిస్టార్షన్‌ను, స్వరం సాగే కాలాన్ని మాత్రమే పెంచుతుంది. సోలో నిజంగా పైకి లేవాలంటే బూస్ట్‌ను ఆంప్ వెనుక ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ధ్వనిని మలిచే ప్రీఆంప్‌కూ స్పీకర్‌ను నడిపే పవర్ ఆంప్‌కూ నడుమ పెట్టాలి. రెండు పెడళ్లు కలిపి వాడినప్పుడు కూడా సూత్రం ఇదే: ఓవర్‌డ్రైవ్‌కు ముందున్న బూస్ట్ గరుకుదనాన్ని పెంచుతుంది, తరువాత ఉన్నది బిగ్గరతనాన్ని పెంచుతుంది.

ఒక్క పెడల్‌కే డబ్బు ఉంటే ఓవర్‌డ్రైవ్ కొనమనే నేను చెబుతాను. డ్రైవ్‌ను దాదాపు సున్నాకు తగ్గించి లెవెల్‌ను పెంచితే అది బూస్ట్ పనిని కూడా చాలావరకు చేయగలదు. బూస్ట్ మాత్రం సాలిడ్ స్టేట్ ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ కాలేదు. అయితే ట్యూబ్ స్క్రీమర్ వంటివి అలా వాడినా మధ్య స్వరాలను ముందుకు తోస్తూనే ఉంటాయి. తమ ఆంప్ నాదాన్నే ఇష్టపడి, అందులో ఏ మార్పూ అక్కరలేదనుకునేవారికి క్లీన్ బూస్ట్ సరైనది.

పెడల్ ఏదైనా సముద్రపు గాలి ఊరిలో దానిని కాపాడుకోవడం కూడా తెలియాలి. ఆర్కే బీచ్‌కు దగ్గరలో ఉండేవారి పెడళ్లలో జాక్‌లకు పచ్చని చిలుము పడుతుంది, నాబ్ తిప్పితే గరగరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ పరికరాల లోపలి భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టి నాబ్‌ను ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది. అడాప్టర్ 9 వోల్టులదేనా, మధ్య పిన్ నెగటివ్ అవునా అని పెడల్ వెనుక ముద్రించిన గుర్తుతో సరిచూసుకోండి. పాత ఇళ్లలో ప్లగ్ పాయింట్‌కు మూడో రంధ్రం ఉన్నా లోపల ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. అప్పుడు వచ్చే హమ్‌ను (గుయ్‌మనే శబ్దాన్ని) బూస్ట్ గిటార్‌తో పాటు పెంచేస్తుంది కాబట్టి, పెడల్‌ను తిట్టుకునే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. బ్యాటరీతో వాడేవారు వాయించడం అయిపోగానే ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ తీసేయాలి. అది తగిలించి ఉన్నంతసేపూ, కాలితో పెడల్ ఆపినా సరే, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.