వానలు తక్కువంటున్నారు, ఆకాశం రోజుకో తీరు: అక్టోబరు–డిసెంబరు అంచనాను తిరుపతి, చిత్తూరు రైతులు ఎలా వాడుకోవాలి?

ఏటా అక్టోబరు మొదలయ్యే వేళకు భారత వాతావరణ శాఖ వచ్చే మూడు నెలల వానల అంచనా విడుదల చేస్తుంది. దక్షిణాదిలో ‘సాధారణం కంటే తక్కువ’ అని వచ్చిందంటే మన దగ్గర రెండు రకాల తొందరపాటు కనిపిస్తుంది. కొందరు వెంటనే బోరు బండికి ఫోన్ చేస్తారు. ఇంకొందరు ‘వీళ్లు చెప్పింది ఎప్పుడు జరిగింది కనుక’ అని పక్కన పెట్టేస్తారు. రెండు దారుల్లోనూ నష్టమే. ఆ అంచనా మూడు నెలల మొత్తం గురించి, నాలుగు రాష్ట్రాలకు విస్తరించిన ప్రాంతం గురించి చెబుతుంది. దాన్ని వారానికి, ఆపైన మన చేనికి కుదించుకుంటూ రావడం మన పని. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నైరుతి వానలూ ఈశాన్య వానలూ ఏడాది వర్షాన్ని దాదాపు సమానంగా పంచుకుంటాయి కాబట్టి, ఈ మూడు నెలలను లెక్కలోంచి తీసేయడం మనకు కుదరదు.

1. అంచనాను పూర్తిగా చదవండి

వార్తలో వచ్చిన శీర్షికతో ఆగిపోవద్దు. ఈశాన్య రుతుపవనాల అంచనా తమిళనాడు, కోస్తాంధ్ర, రాయలసీమ, కేరళ, దక్షిణ అంతర్గత కర్ణాటక ప్రాంతాలన్నిటికీ కలిపి ఉంటుంది. వీటన్నిటి అక్టోబరు–డిసెంబరు సగటు సుమారు 334 మిల్లీమీటర్లు. ఇందులో 88 నుంచి 112 శాతం దాకా పడితే ‘సాధారణం’ కిందే రాస్తారు. అంటే సగటు కంటే పది శాతం తగ్గినా అది సాధారణమే.

అంచనాతో పాటు రంగుల పటం కూడా ఇస్తారు. మనకు ఎక్కువ ఉపయోగపడేది అదే. తక్కువ, సాధారణం, ఎక్కువ అని మూడు వర్గాలు ఉంటాయి. ఏ సూచనా లేని ఏడాదిలో ఒక్కో దానికి మూడో వంతు అవకాశం. మన జిల్లా మీద ‘తక్కువ’ రంగు 45 శాతంతో ఉందనుకోండి, మిగతా రెండు వర్గాలకు కలిపి ఇంకా 55 శాతం ఉన్నట్టే. దీన్ని చూసి పెట్టుబడి తగ్గించుకోవచ్చు, పంట మార్చుకోవచ్చు. వాన రాదని మాత్రం రాసిపెట్టుకోకూడదు.

పసిఫిక్ మహాసముద్రం నీళ్లు మామూలు కంటే చల్లబడే లానినా ఉంటే ఈశాన్య వానలు తగ్గుతాయని, అవే వేడెక్కే ఎల్‌నినో ఉంటే పెరుగుతాయని తరచూ వింటుంటాం. మొగ్గు ఆ వైపు ఉన్న మాట నిజమే. 2016లో బలహీనమైన లానినా ఉంది, తమిళనాడులో ఈశాన్య వానలు దారుణంగా విఫలమయ్యాయి. 2021లోనూ లానినాయే. ఆ నవంబరులో తిరుపతి వీధులు మునిగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఒక్క కారణాన్ని పట్టుకుని కాలాన్ని తేల్చేయకూడదనడానికి ఈ రెండేళ్లు చాలు.

2. మీ ఊరు ఏ వైపున ఉందో గుర్తించండి

సత్యవేడు, శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు సముద్రం దగ్గర. తూర్పు గాలి వీస్తే వాళ్లకు ముందు తడుస్తుంది. తిరుపతిలో అదే గాలి శేషాచలం కొండలను తాకి పైకి లేస్తుంది కాబట్టి కొండ వాలుల్లో ఒక్కోసారి కుంభవృష్టి కురుస్తుంది. పలమనేరు, కుప్పం పీఠభూమి మీదున్నాయి. అక్కడికి చేరేసరికి గాలిలో తేమ తగ్గుతుంది, పడే వానల్లో సాయంత్రపు ఉరుముల జల్లులే ఎక్కువ. కాబట్టి ‘ఉమ్మడి జిల్లాలో వర్షాలు’ అన్న వార్త కుప్పం రైతుకూ సత్యవేడు రైతుకూ ఒకే కబురు కాదు.

3. బంగాళాఖాతం మీద కన్నేసి ఉంచండి

పొడి కాలంలో ఆకాశం ఇలా మారిపోతూ ఉండడానికి అసలు కారణం అల్పపీడనాలు వెళ్లే దారి. అల్పపీడనం ఉత్తర తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు వస్తే మనకు తూర్పు గాలులు, ముసురు. అదే ఒడిశా, బెంగాల్ వైపు తిరిగితే తేమను తనతో లాక్కుపోతుంది. మన మీద వాయువ్యపు పొడి గాలి వీస్తుంది, పగలు ఎండ మండిస్తుంది, తెల్లవారుజామున చలి వణికిస్తుంది. టీవీలో ‘అల్పపీడనం ఏర్పడింది’ అని వినగానే విత్తనాలు దించుకోకండి. అది ఎటు కదులుతోందో తెలిసేదాకా ఆగండి.

‘చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది’ అని పెద్దలు అన్నది ఈ అక్టోబరు జల్లుల గురించే. కార్తెల లెక్క పాతబడిందని నేననుకోను. చిత్త, స్వాతి, విశాఖ అని కాలాన్ని పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కలుగా చూసే అలవాటు, ఇప్పుడు వస్తున్న రెండు వారాల అంచనాలకు చక్కగా అతుకుతుంది.

4. గురువారం చూడండి, ఆపైన వారంలో రెండుసార్లు

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల వర్షాల తీరు చెబుతుంది. విత్తడం, కోత, కాయ పెరకడం లాంటి వాయిదా వేయగలిగిన పనులకు ఇదే ఆధారం. మంగళ, శుక్రవారాల్లో ఐదు రోజుల అంచనాతో పాటు పంటల సలహాలు వస్తాయి. ‘మేఘదూత్’ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే తెలుగులోనే చదువుకోవచ్చు. పిడుగుల హెచ్చరికకు ‘దామిని’ యాప్ ఉంది. అక్టోబరు సాయంత్రాల్లో చేలో పని చేసేవాళ్ల ఫోన్లలో అది తప్పకుండా ఉండాలి.

ఆ ప్రకటనల్లోని మాటలకు లెక్క ఉంది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన ఉండదని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు. ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం, ‘అతి భారీ’ అంటే 115.6 నుంచి. పొడి కాలంలో ఎక్కువగా వినపడేది ‘ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు’ అన్న మాటే. దాన్ని నమ్ముకుని తడి ఆపేయకండి.

5. మీ చేలో వాన మీరే కొలవండి

పక్క ఊళ్లో పడిన వాన మన వేరుకు అందదు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చాలు. చెట్టు నుంచి, గోడ నుంచి వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి నోట్‌బుక్కులో రాయండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరా మీద పది మిల్లీమీటర్లు పడితే నలభై వేల లీటర్లు వచ్చినట్టు. వినడానికి ఎక్కువే గానీ, ఎండ కాసే రోజున పచ్చగా ఉన్న చేను నాలుగైదు మిల్లీమీటర్లు ఆవిరి చేసేస్తుంది. పది మిల్లీమీటర్ల జల్లు రెండు రోజుల మాట. రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడిన రోజును వాతావరణ శాఖ వాన రోజుగా లెక్కే వేయదు, మీరూ వేయకండి.

6. పంటను బట్టి నిర్ణయం మార్చండి

చెనక్కాయ (వేరుశనగ) చేలకు ఇది కీలకమైన సమయం. కాయ ఊరే దశలో చేను ఎండితే గింజ తాలుపోతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం చేసే బూజు పట్టే ముప్పు పెరుగుతుంది. పొడి వాతావరణంలో ఆకుముడత పురుగు కూడా విజృంభిస్తుంది. నీళ్లున్నవాళ్లు ఊడలు దిగి కాయ ఊరే రోజులకు ఒక తడి దాచిపెట్టాలి. మిగతా తడులన్నిటికంటే దాని విలువ ఎక్కువ. పెరికేటప్పుడు నేలలో పదును ఉండాలి. గట్టిపడిన నేలలో పెరికితే కాయలు లోపలే తెగి ఉండిపోతాయి. గురువారం అంచనాలో జల్లులు కనిపిస్తే, పక్వానికి ఇంకా వారం ఉన్నవాళ్లు ఆ పదును కోసం ఆగొచ్చు. పక్వం దాటిన చేను మాత్రం ఆగదు. తడి పెట్టి పెరికేయండి, లేకపోతే కాయ మొలకెత్తుతుంది. పెరికాక గింజ గలగలమనేదాకా ఆరబెట్టండి, టార్పాలిన్ పట్ట పక్కనే ఉంచుకోండి.

మామిడి తోటలున్నవాళ్లు ఈ పొడి అంచనాకు బెంగపడనక్కర్లేదు. తోతాపురి పూత రావాలంటే పూతకు ముందు రెండు, మూడు నెలలు చెట్టుకు నీటి ఎద్దడి ఉండాలి. నవంబరులో వానలు ఎక్కువైతే కొత్త చిగురు వచ్చి పూత వెనకబడుతుంది. కాబట్టి కాపు చెట్లకు జాలిపడి నీళ్లు పెట్టకండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదలుపెడితే చాలు.

టమాటా వేసినవాళ్లకే టెన్షన్ ఎక్కువ. ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు వదిలితే కాయ పగులుతుంది, అడుగు నల్లబడి కుళ్లుతుంది. డ్రిప్‌లో కొద్దికొద్దిగా, రోజూ ఇవ్వండి. పొడి గాలి రోజుల్లో ఆకు అడుగున నల్లి, తామర పురుగులు ఉన్నాయేమో చూడండి. ముసురు పట్టి చల్లబడితే పురుగుల సంగతి పక్కనపెట్టి తెగుళ్ల వైపు చూడాలి.

అసలు ఏమీ వేయని చేనుంటే, అక్టోబరు మొదట్లో పడిన పదునుకు ఉలవలు చల్లేయండి. పశువులకు మేతగా ఉలవ కట్టెయినా మిగులుతుంది.

7. ఒక్క రోజు పెద్ద వానకూ సిద్ధంగా ఉండండి

కరవు కాలమని పేరుపడిన 2016లోనే, డిసెంబరు 12న వార్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటింది. మన దగ్గర కాలం మొత్తం వాన ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే పడిపోతుంది. ఆ నీటిని పట్టుకోగలిగితే పొడి కాలం కూడా గట్టెక్కుతుంది. అక్టోబరులోనే వంకలో పూడిక, కంపచెట్లు తీయించండి. తూము తలుపు పనిచేస్తోందో లేదో, మొరవకు (చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే చోటు) ఎవరైనా అడ్డు వేశారేమో చూడండి. కట్ట మీద ఎలుక బొరియలు, చెట్ల వేర్లు కనిపిస్తే ఇరిగేషన్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక వచ్చిన రోజు మోటారు స్టార్టర్ డబ్బా ఎత్తులో పెట్టండి, పశువులను వంక గట్టున కట్టకండి, స్వర్ణముఖి కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే బండి దింపకండి.

డిసెంబరు చివర తాడుకు బరువు కట్టి బావిలో నీటిమట్టం కొలవండి. బోరైతే మోటారు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో చూడండి. సంక్రాంతి తర్వాత ఎన్ని ఎకరాలు తడపగలరో ఆ కొలతే చెబుతుంది. అంతవరకే విత్తనం కొనండి.