మాంగా ఇంకింగ్: గీత ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

మాంగా, అంటే జపాన్ కామిక్స్ పేజీలో, పెన్సిల్ గీతల మీద ఇంకుతో గీసేటప్పుడు గీత చెడగానే చాలామంది తమ చేతిని అనుమానిస్తారు, లేదంటే ఇంకో పెన్ను కొంటారు. ముంచి గీసే జీ-పెన్‌తో పనిచేసేటప్పుడు తప్పు ఎక్కువసార్లు పాళీ, ఇంకు, కాగితం కలిసే చోటే ఉంటుంది. ముందు ఆ మూడింటినీ చూడండి.

కొత్త పాళీకి ఇంకు పట్టదు, చుక్కలుగా జారిపోతుంది

తుప్పు పట్టకుండా తయారీలోనే పాళీకి సన్నగా నూనె పూస్తారు. ఇంకు దాని మీద నిలవదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి వేళ్లతో రుద్ది, కడిగి, తడి లేకుండా తుడవండి. స్పిరిట్ అద్దిన టిష్యూతో తుడిచినా చాలు. మంటలో కాల్చే అలవాటు కొందరికుంది, మేం మాత్రం వద్దంటాం. వేడి కాస్త ఎక్కువైతే ఉక్కులోని స్ప్రింగు గుణం పోతుంది. నొక్కితే రెండు మొనలు విచ్చుకుని, వదిలితే మళ్లీ కలిసే ఆ గుణం వల్లే ఒకే గీతలో లావూ సన్నమూ వస్తాయి.

ముంచడం పాళీ మధ్యనున్న రంధ్రం వరకే. ఎక్కువైన ఇంకును బుడ్డి అంచుకు తాకించి వదలండి.

కాసేపు బాగా నడిచి ఆగిపోతుంది, లేదా గీత రానురాను లావవుతుంది

ఆగిపోతే నీటికి చెదరని ఇంకు చీలికలో ఎండిందన్నమాట. పని మధ్యలో అప్పుడప్పుడూ తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. తుడిచినా గీత లావుగానే ఉంటే మొన అరిగింది, పాళీ మార్చేయండి. అరిగిన పాళీతో కష్టపడటం వృథా.

గీతకు పక్కల వేర్లు మొలిచినట్టు ఇంకు పాకుతుంది

జిరాక్స్ కాగితం మీద ఇది మామూలే. జపాన్‌లో మాంగాకి వాడే కాగితాన్ని 110 కిలోలు, 135 కిలోలు అని పిలుస్తారు. మన లెక్కలో అవి సుమారు 128, 157 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు). అవి దొరక్కపోతే నున్నటి బ్రిస్టల్ షీటు (మందపాటి డ్రాయింగ్ కాగితం) తీసుకోండి.

మంచి కాగితం మీద కూడా ఒక్కచోటే పాకుతోందంటే, అక్కడ రబ్బరుతో గట్టిగా రుద్ది పైపొర లేపేశారని అర్థం. పెన్సిల్ గీత హెచ్‌బీతో తేలిగ్గా వేసి, మెత్తటి పిసికే రబ్బరుతో అద్ది తీయండి. వానాకాలంలో చెమ్మ, ఎండాకాలంలో అరచేతి చెమట కూడా ఇదే పని చేస్తాయి. అందుకే చేతికింద ఒక విడి కాగితం ఎప్పుడూ ఉండాలి. షీట్లను ప్లాస్టిక్ కవర్లో మూసి దాచండి.

ఫోకస్ గీతలు పేలుడులా కాక, దువ్వెన పళ్లలా కనిపిస్తాయి

జపాన్‌లో వీటిని షూచూసెన్ అంటారు. చూపును ఒక్క బిందువుకు లాగడమే వీటి పని. అన్ని గీతలూ ఒకే దూరంలో ఆగితే మధ్యలో గుండ్రటి కన్నం తేలుతుంది, ఎడం సమానమైతే వేగం చచ్చిపోతుంది.

కేంద్రబిందువు దగ్గర బోర్డు పిన్ను గుచ్చండి. స్కేలు అంచును పిన్నుకు ఆనించి తిప్పుతూ, ప్యానెల్ (బొమ్మ ఉండే గడి) అంచు నుంచి లోపలికి గీయండి. మొదట ఒత్తిడి, చివర్లో పాళీ గాల్లోకి లేచిపోవాలి. నాలుగైదు గీతలు దగ్గరదగ్గరగా, ఆపైన కొంత ఖాళీ, మళ్లీ ఒక గుంపు. పొడవులు కలవనివ్వకండి. స్కేలు కిందికి ఇంకు పాకకుండా దాని అడుగున రెండుమూడు పొరల టేపు అంటించి కాస్త ఎత్తు చేయండి.

స్క్రీన్‌టోన్‌లో అలల్లాంటి మచ్చలు

స్క్రీన్‌టోన్ అంటే నీడల కోసం వేసే చుక్కల నమూనా. అందులో వచ్చే ఈ మచ్చల్నే మోరే అంటారు. చుక్కల వరసలు వాటికంటే వేరైన గడులతో, అంటే ఇంకో టోన్‌తోనో స్క్రీన్ పిక్సెల్స్‌తోనో, తలపడితే వస్తుంది. టోన్ మీద టోన్ వేస్తే రెండింటి లైన్ సంఖ్య (అంగుళానికి ఎన్ని చుక్కల వరసలు), కోణం ఒకటే ఉండాలి. అచ్చుకి 600 డీపీఐలో, బూడిదరంగు లేకుండా నలుపు-తెలుపుగా స్కాన్ చేసి, ఆ తర్వాత సైజు మార్చకండి. క్లిప్ స్టూడియో అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్ కోసం చిన్నది చేయాలంటే, ముందు లేయర్ ప్రాపర్టీలో టోన్ ఆపేసి బూడిదరంగుగానే ఎగుమతి చేయండి.

కిమోనో చూసి జపాన్ పాఠకులు ఇబ్బంది పడతారు

కిమోనో అనే జపాన్ సంప్రదాయ దుస్తుల్లో, వేసుకున్నవారి ఎడమ భాగం కుడి భాగం మీదికి రావాలి. అటుది ఇటైతే అది శవానికి తొడిగే తీరు. ఎదురుగా చూసేవారికి మెడ దగ్గర ఇంగ్లిషు చిన్న వై అక్షరం కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. కుడినుంచి ఎడమకు చదివే పేజీని తెలుగు కోసం అద్దంలోలా తిప్పేస్తే ఈ తప్పు పేజీ పొడవునా వస్తుంది, కత్తి కూడా ఎడమచేతికి మారిపోతుంది. పేజీని తిప్పకండి, ప్యానెళ్లను ఎడమనుంచి కుడికి మొదటే కూర్చుకోండి.

తెలుగు డైలాగు బుడగలో ఇమడదు

జపనీస్ నిలువుగా రాస్తారు కనుక అక్కడి బుడగలు పొడుగ్గా ఉంటాయి. అదే ఆకారంలో “చెప్పలేకపోతున్నాను” అని రాస్తే మాట ముక్కలైపోతుంది. రఫ్ స్కెచ్‌లోనే అక్షరాలు అసలు సైజులో రాసి, ఆ తర్వాత వాటి చుట్టూ అడ్డంగా బుడగ గీయండి. విరవక తప్పకపోతే “చెప్పలేక” దగ్గర విరవండి. అన్నిటికంటే పొడవైన వరస మధ్యలో రావాలి. వరసల మధ్య ఎడం చూసుకోవడానికి “లక్ష్మి” రాసి, దాని కింద “కీర్తి” రాయండి. పై ఒత్తులు కింది గుడికి తగలకపోతే ఆ ఎడం చాలు. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే, పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.