గుడ్డ డైపర్లతో ఇబ్బందులు: తడి, వాసన, ఒరుపు – కారణాలు, పరిష్కారాలు

మొదటి బిడ్డకు గుడ్డ డైపర్లు వాడదామనుకున్న తల్లిదండ్రులను తొలి వారాల్లో ఎక్కువగా కంగారుపెట్టేవి రెండు: పక్కబట్టలు తడవడం, ఎంత ఉతికినా వాసన వదలకపోవడం. డైపరు మంచిది కాదనుకొని మరో రకం కొంటే దానితోనూ అదే ఇబ్బంది ఎదురవుతుంది, ఎందుకంటే లోపం చాలావరకు డైపరులో కాక, అది ఒంటికి అమరిన తీరులోనో ఉతికిన తీరులోనో ఉంటుంది. అందువల్ల కొత్తవి కొనే ముందు మూడు సంగతులు గమనించాలి: తడి ఏ వైపు నుంచి వచ్చింది, వేసిన ఎంతసేపటికి వచ్చింది, అప్పటికి లోపలి గుడ్డ పూర్తిగా నానిందా లేక కొంత పొడిగానే ఉందా. వీటిలో చివరిది అన్నిటికంటే విలువైన ఆధారం. విప్పిన డైపరును చూడకుండా బుట్టలో పడేస్తే ఆ ఆధారం పోయినట్టే. సరిదిద్దేటప్పుడు కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. డిటర్జెంటు, లోపలి గుడ్డ, బటన్ల అమరిక అన్నీ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఏ రకం గుడ్డ డైపరులోనైనా ఉండేవి రెండు భాగాలే. బయట నీరు దిగని కవరు, అంటే పాలీయురెథేన్ పొర అంటించిన పాలిస్టర్ గుడ్డ, దీనినే పీయూఎల్ అంటారు. లోపల తడిని పీల్చే ఇన్సర్టు. పాకెట్ డైపరులో ఇన్సర్టును సంచిలోకి దూరుస్తారు, కవరు పద్ధతిలో మడత గుడ్డను కవరు మీద పరుస్తారు, ఆల్ ఇన్ వన్‌లో రెండూ కలిపి కుట్టి ఉంటాయి. కింద చెప్పినవన్నీ ఈ మూడు రకాలకూ వర్తిస్తాయి.

కొత్త డైపరు: వేసిన కాసేపటికే తడి, గుడ్డ మాత్రం సరిగా పీల్చలేదు

పత్తి, హెంప్ (గంజాయి జాతి మొక్క నార) నారల్లో సహజమైన మైనం, నూనె ఉంటాయి. అవి పోయేదాకా గుడ్డ నీటిని పీల్చుకోదు, మూత్రం దాని మీదుగా జారి అంచుల నుంచి బయటికి వస్తుంది. వాడకానికి ముందు పత్తి, హెంప్ ఇన్సర్టులను వేడినీళ్ళలో డిటర్జెంటుతో ఐదారుసార్లు ఉతకాలి. ఆ నూనె మిగతావాటికి అంటకుండా ఈ ఉతుకులు కవర్లతో కలపకుండా చేయడం మంచిది. మైక్రోఫైబర్ అనే కృత్రిమ నార గుడ్డకు ఒక్క ఉతుకు చాలు. గుడ్డ సిద్ధమైందో లేదో తెలియాలంటే దాని మీద నాలుగు నీటిచుక్కలు వేసి చూడాలి: వెంటనే ఇంకిపోతే సిద్ధమైనట్టు, ముత్యాల్లా నిలిచి దొర్లితే ఇంకా ఉతకాలి.

కొన్ని నెలలు బాగా పనిచేసిన గుడ్డ కూడా ఇదే లక్షణం చూపిస్తే కారణం వేరు. బట్టలు మెత్తబడటానికి వాడే ఫ్యాబ్రిక్ సాఫ్టనర్ నారల మీద పొర కట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఒరుపుకు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు, పెట్రోలియం జెల్లీ కూడా అంతే. సాఫ్టనర్‌ను పూర్తిగా మానేయాలి. క్రీము తప్పనిసరి అయితే డైపరుకూ చర్మానికీ మధ్య పలుచని లైనరు వేయాలి. ఇప్పటికే జిడ్డు పట్టిన చోట గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా వేసి, వేడినీళ్ళలో చేత్తో రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి.

తొడల దగ్గర తడి వస్తోంది, ఇన్సర్టు సగం పొడిగానే ఉంది

ఇది స్పష్టంగా అమరిక లోపం. ఇన్సర్టులు ఎన్ని పెంచినా తగ్గదు సరికదా, లావు పెరిగి సందు ఇంకా పెద్దదవుతుంది. డైపరు కాళ్ళ అంచున ఉండే ఎలాస్టిక్ తొడ మీద కాదు, గజ్జలోని మడతలో, సరిగ్గా లోదుస్తుల అంచు కూర్చునే గీతలో కూర్చోవాలి. తొడ మీద ఉన్న ఎలాస్టిక్ బిడ్డ కాళ్ళు ఆడించిన ప్రతిసారీ తెరుచుకుంటుంది. బిడ్డను పడుకోబెట్టి డైపరు పెట్టేటప్పుడు ముందు కాళ్ళ మధ్య భాగాన్ని వీలైనంత సన్నగా దగ్గరికి తెచ్చి, ఎలాస్టిక్‌ను రెండు వైపులా మడతలోకి వేలితో సర్దిన తరువాతే నడుము బిగించాలి. చాలామంది నడుము బటన్లు ముందు పెట్టి ఆ తరువాత కాళ్ళ సంగతి చూస్తారు, అప్పటికి డైపరు కదలదు. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంటే సరిపోతుంది.

నిలువునా ఉండే టిచ్ బటన్ల వరుసలు డైపరు పొడవును నిర్ణయిస్తాయి. పొడవు ఎక్కువైతే కాళ్ళ మధ్య వేలాడుతుంది, తక్కువైతే బొడ్డు కిందకి దిగిపోయి వెనుక నుంచి మలం పైకి వస్తుంది. బిడ్డ ఎదుగుతున్న వేగానికి ఈ బటన్లను తరచుగా మార్చవలసి వస్తుంది. నిన్నటిదాకా బాగున్న డైపరు హఠాత్తుగా కారడం మొదలైతే ముందు చూడవలసింది ఇదే. అన్ని వయసులకూ సరిపోతుందని చెప్పే సైజు డైపర్లు పుట్టిన బిడ్డ సన్నని కాళ్ళకు సాధారణంగా సరిపోవు, సుమారు 4 కిలోల బరువు వచ్చేదాకా పుట్టిన పిల్లల సైజు కవర్లు గానీ మడత గుడ్డలు గానీ వాడటం నయం. బొడ్డుతాడు రాలేదాకా ముందు అంచును దాని కిందికి మడిచి పెట్టాలి.

అమరిక బాగున్నా బట్టలు తడుస్తుంటే అంచుల వెంట వేలు పోనిచ్చి చూడాలి. ఇన్సర్టు కొన గానీ లోపలి మెత్తటి గుడ్డ గానీ కవరు బయటికి ఒక్క పిసరు వచ్చినా చాలు, తడి దాని వెంటే పాకి చొక్కాకు చేరుతుంది. చొక్కా అంచు డైపరులోకి దోపినా అదే జరుగుతుంది.

ఎలాస్టిక్ బిగిస్తే గుర్తులు పడతాయన్న భయం సహజమే. సాక్సు తీసినప్పుడు కనిపించేలాంటి లేత గీత కాసేపట్లో మాయమవుతుంది, దానితో హాని లేదు. గీత లోతుగా, ఎర్రగా చాలాసేపు నిలిచినా, చర్మం ఒరిసినా వదులు చేయాలి.

ఇన్సర్టు మొత్తం నాని ముద్దయింది, అంచుల నుంచి కారుతోంది

ఇక్కడ అమరిక బాగానే ఉంది, పీల్చే శక్తి చాలలేదు లేదా డైపరు ఎక్కువసేపు ఉంచారు. పుట్టిన పిల్లలకు రోజుకు 10 నుంచి 12 సార్లు, పెద్దయ్యాక పగటిపూట రెండు మూడు గంటలకొకసారి, మలం చేసిన వెంటనే మార్చడం గుడ్డ డైపర్లకు కనీస నియమం. పారవేసే డైపర్లలోని జెల్ తడిని బంధించి ఉంచినట్టు గుడ్డ ఉంచలేదు, ఆ లెక్కతో గుడ్డను పోల్చడం న్యాయం కాదు.

మార్చే వేళలు సరిగానే ఉన్నా కారుతుంటే నార రకాన్ని చూడాలి. మైక్రోఫైబర్ త్వరగా పీలుస్తుంది గానీ ఒత్తిడి పడితే తడిని బయటికి వదిలేస్తుంది. అందుకే బిడ్డను ఎత్తుకునే క్యారియర్‌లో గానీ కారు సీటులో గానీ బెల్టు బిగించి కూర్చున్నప్పుడు కారుతుంది. హెంప్ నెమ్మదిగా పీల్చినా ఎక్కువ పట్టుకుంటుంది, నొక్కినా అంతగా వదలదు. రెండింటినీ కలిపితే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది: పైన త్వరగా పీల్చేది, అడుగున నిదానంగా పీల్చేది. మైక్రోఫైబర్‌ను మాత్రం నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు, అది చర్మంలోని తేమనూ లాగి పొడిబారేలా చేస్తుంది.

రాత్రి కారే చోటు కూడా ఒక ఆధారమే. మగపిల్లలకు ముందు భాగంలో తడి ఎక్కువ, కాబట్టి ఇన్సర్టు కొనను ముందువైపు మడిచి అక్కడ పొరలు పెంచాలి, అంగం కిందికి ఉండేలా డైపరు వేయాలి. ఆడపిల్లలకు మధ్యభాగంలో పొరలు అవసరం. బిడ్డ పక్కకు తిరిగి నిద్రపోతే కారేది నడుము పక్కల నుంచి, అప్పుడు కొంచెం వెడల్పుగా మడిచిన గుడ్డ ఇరుకైన ఇన్సర్టు కంటే మేలు.

ఉతికినా వాసన వదలదు

వాసన ఎప్పుడు వస్తోందన్నదే కీలకం. ఉతికి ఆరిన గుడ్డకు ఏ వాసనా లేక, బిడ్డ తడిపిన కాసేపటికే అమ్మోనియా ఘాటు కళ్ళకు తగిలితే గుడ్డలో పాత మురికి, దానితో బాక్టీరియా మిగిలి ఉన్నాయని అర్థం. తాజా మూత్రానికి ఘాటు ఉండదు. అందులోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా విడగొట్టినప్పుడే ఆ వాసన పుడుతుంది. రాత్రంతా ఉన్న డైపరు ఉదయం కొంత ఘాటుగా ఉండటం మామూలే, దానికి కంగారుపడనక్కరలేదు. ఉతుకు నుంచి తీసిన తడిగుడ్డే కంపు కొడితే ఉతుకు చాలలేదని వేరే పరీక్ష అవసరం లేకుండానే తేలిపోతుంది.

గుడ్డ డైపర్లకు డిటర్జెంటు చాలా తక్కువ వేయాలన్న మాట బాగా ప్రచారంలో ఉంది. నా అభిప్రాయంలో వాసన సమస్యల్లో ఎక్కువ భాగం ఆ సలహా వల్లనే వస్తాయి. ఇవి ఇంట్లో అన్నిటికంటే మురికి బట్టలు, వీటికి ఆ స్థాయి ఉతుకే కావాలి. మొదట కొద్దిపాటి డిటర్జెంటుతో చిన్న ఉతుకు వేసి ఆ మురికినీటిని పారబోయాలి. తరువాత డిటర్జెంటు డబ్బా మీద బాగా మురికి బట్టలకు చెప్పిన కొలతతో 40 నుంచి 60 డిగ్రీల వేడిలో పెద్ద ఉతుకు వేయాలి. డ్రమ్ము కుక్కి నింపితే బట్టలు ఒకదానికొకటి రాసుకునే చోటు ఉండదు, మరీ తక్కువ వేస్తే రాపిడే ఉండదు. సుమారు మూడింట రెండు వంతులు నిండటం బాగుంటుంది. చేత్తో ఉతికేవారికీ ఇదే వరుస: ముందు చన్నీళ్ళలో జాడించి పిండడం, తరువాత వేడినీళ్ళలో డిటర్జెంటుతో బాగా రుద్దడం, ఆఖరున నీళ్ళు జారుడుగా తగలడం పోయేదాకా జాడించడం.

నీటి కాఠిన్యం ఈ లెక్కను మారుస్తుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు డిటర్జెంటు శక్తిని కొంత తినేస్తాయి, మామూలు సబ్బుతో కలిస్తే తెట్టుగా మారి గుడ్డను అంటుకుంటాయి. అలాంటి నీళ్ళున్నచోట సబ్బు మానేసి డిటర్జెంటు వాడాలి, కొలత కొంచెం పెంచాలి, లేదా కాఠిన్యం తగ్గించే పొడి కలపాలి. ప్రతి ఉతుకులో వెనిగర్ పోయడం వల్ల పెద్ద లాభం లేదు, ఎలాస్టిక్ ఆయుష్షు తగ్గే ప్రమాదం మాత్రం ఉంది.

మురికి డైపర్లను నీటి బకెట్లో నానబెట్టి ఉంచకూడదు. నీటిలో కంపు పెరుగుతుంది, కవరు పొర పాడవుతుంది, అన్నిటికీ మించి ఇంట్లో పాకే బిడ్డ ఉంటే నీళ్ళున్న బకెట్ ప్రాణాపాయం. గాలి తగిలే బుట్టలోనో సంచిలోనో పొడిగా ఉంచి రెండు రోజులకొకసారి, ఎంత ఆలస్యమైనా మూడో రోజుకి ఉతకాలి.

పిరుదులు, గజ్జలు కందుతున్నాయి

మొదటి అనుమానం తడిలో గడిపిన సమయం మీద, రెండోది పైన చెప్పిన అమ్మోనియా మీద, మూడోది సరిగా జాడించక మిగిలిన డిటర్జెంటు మీద పెట్టుకోవాలి. మూడోదాన్ని పరీక్షించడానికి ఉతికిన గుడ్డను గోరువెచ్చని నీళ్ళలో పిసికి చూడాలి. నీళ్ళు జారుడుగా తగిలి నురగ నిలిచిపోతే ఇంకోసారి జాడించాలి. రోజులో కొంతసేపు డైపరు లేకుండా ఉంచడం, ప్రతిసారీ మెత్తగా తుడిచి ఆరనిచ్చిన తరువాతే కొత్తది వేయడం చాలా సందర్భాల్లో సరిపోతాయి.

మడతల లోపల ముదురు ఎరుపు, దాని చుట్టూ చిన్న చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఫంగస్ కావచ్చు. దానికి మామూలు క్రీము పనిచేయదు, వైద్యుడు మందు రాయాలి. మందు వాడుతున్నన్నాళ్ళు ఇన్సర్టులను కనీసం 60 డిగ్రీల్లో ఉతకాలి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు గానీ చీము గానీ కనిపించినా, జ్వరం వచ్చినా ఇంటి ప్రయోగాలు ఆపి బిడ్డను వైద్యుడికి చూపించాలి.

మరకలు, బిరుసుదనం, ఆరకపోవడం

మరక మురికి కాదు. తడిగా ఉన్నప్పుడే ఇన్సర్టును ఎండలో వేస్తే మలం పసుపు చాలావరకు వెలిసిపోతుంది. ఆరాక గుడ్డ అట్టలా బిరుసెక్కితే ఆరేసే ముందు గట్టిగా దులపాలి, ఆరిన తరువాత చేతుల మధ్య నలపాలి. ఉతికినవి ఆరేలోపే మిగతావి అయిపోతుంటే సంఖ్య చాలలేదని అర్థం: రెండు రోజులకొకసారి ఉతికే ఇంట్లో పుట్టిన బిడ్డకు 20 నుంచి 24 మార్పులకు సరిపడా గుడ్డలు కావాలి. కవర్లు అన్ని అవసరం లేదు, మలం అంటనిదాన్ని తుడిచి ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. ఆల్ ఇన్ వన్ రకం మందం వల్ల ఆరడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఘనాహారం మొదలయ్యాక ఉతుకు చాలడం లేదు

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీటిలో కరిగిపోతుంది, నేరుగా ఉతుకులో వేసినా ఇబ్బంది ఉండదు. ఘనాహారం మొదలైన తరువాత మలాన్ని ముందే మరుగుదొడ్డిలో దులిపి, అంటుకున్నది నీటి ధారతో కడిగి ఆ తరువాతే బుట్టలో వేయాలి. లైనరు వేస్తే ఈ పని సగం తగ్గుతుంది. కానీ లైనరును మరుగుదొడ్డిలో పారేస్తే గొట్టాలు పూడుకుపోతాయి, దాన్ని చెత్తబుట్టలోనే వేయాలి.

కవరు మధ్యలోంచే తడి ఊరుతోంది

అంచుల నుంచి కాక కవరు గుడ్డ నుంచే తడి చేతికి తగిలితే లోపలి పొర ఊడిందేమో చూడాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పొర బుడగలుగా లేచినట్టు, ముడతలు పడినట్టు, పగిలినట్టు కనిపిస్తుంది. ఎక్కువ వేడిలో ఉతకడం, మరగబెట్టడం, క్లోరిన్ బ్లీచ్, వేడి డ్రైయరు దీనికి ముఖ్య కారణాలు. ఊడిన పొరను మళ్ళీ అంటించలేం, ఆ కవరును మార్చవలసిందే. మిగతావాటిని లేబుల్ మీద చెప్పిన వేడి దాటకుండా ఉతికి నీడలో ఆరేస్తే అలా జరగదు. పొర బాగుండి ఎలాస్టిక్ మాత్రమే సాగిపోతే కవరు పారేయనక్కరలేదు: కుట్టు రెండు కొసల దగ్గర కొద్దిగా విప్పి, పాత ఎలాస్టిక్ కొసకు కొత్తదాన్ని కట్టి లాగి, రెండు కొసలూ గట్టిగా కుడితే అది మళ్ళీ వాడకానికి వస్తుంది. ఎలాస్టిక్‌ను అది దూరే సందులోపలే గుడ్డకు కుట్టేసి ఉన్న కవర్లలో మాత్రం ఈ మరమ్మతు దర్జీకి అప్పగించడం సులువు.