కాలిన మచ్చ తగ్గడం లేదా? ముందు వేలితో తడిమి చూడండి

రొయ్యలు వేయించేటప్పుడు నూనె చిట్లి ముంజేతి మీద, బండి సైలెన్సర్ తగిలి పిక్క మీద, కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసేవాళ్లకైతే వేడి గొట్టం తగిలి మోచేతి మీద. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి మచ్చ ఇంటికి ఒకరికైనా ఉంటుంది. పుండు మానగానే చాలామంది మెడికల్ షాపుకెళ్లి "కాలిన మచ్చకు క్రీమ్ ఇవ్వండి" అని అడిగేస్తారు. నల్లబడ్డ మచ్చకూ, కండ లేచిన మచ్చకూ, తెల్లబడ్డ మచ్చకూ మందు ఒకటి కాదు. ముందు మచ్చ మీద వేలు పెట్టి చూడండి, చదునుగా ఉందా, గట్టిగా లేచిందా అని.

కింద చెప్పే క్రీములు, షీట్లు, మర్దన అన్నీ పుండు పూర్తిగా మానాకే. ఇంకా పచ్చిగా ఉన్నా, రసి కారుతున్నా మచ్చల క్రీమ్ దాని దగ్గరికి రానీయొద్దు.

చదునుగానే ఉంది, కానీ నల్లగా ఉంది

కాలినప్పుడు వచ్చిన వాపు వల్ల ఆ చోట చర్మం మెలనిన్ అనే రంగును ఎక్కువగా తయారుచేస్తుంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఇది మామూలే. ఎండ తగిలేకొద్దీ అది ముదురుతుంది, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే అసలు వైద్యం ఎండ తగలనీయకపోవడమే. బయటికి వెళ్లే ముందు ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్ రాసి, ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. చేనుకో చెరువు గట్టుకో వెళ్లేవాళ్లకు అది కుదరకపోతే నిండు చేతుల కాటన్ చొక్కా చాలు. ఇలా చేస్తే చాలా మచ్చలు కొన్ని నెలల్లో వాటంతటవే పలచబడతాయి. కొన్నింటికి ఏడాది పైనే పడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మే రంగు తగ్గించే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో మచ్చ తగ్గినట్టే కనిపిస్తుంది. అలాగే రాస్తూ పోతే చర్మం పలచబడి సన్నని ఎర్ర నరాలు తేలతాయి, ముఖం మీదైతే మొటిమలు, వెంట్రుకలు కూడా వస్తాయి. ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లుంటే డాక్టర్ చెప్పకుండా వాడకండి. నిమ్మరసం కూడా వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే ఆ చోటే మళ్లీ కాలి ఇంకా నల్లబడుతుంది.

గట్టిగా, ఎత్తుగా లేచింది

పుండు మానడానికి మూడు వారాలు దాటితే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. లోపల కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్ అవసరానికి మించి పేరుకుంటుంది. కాలిన హద్దులోనే ఉంటే ఏడాది, రెండేళ్లలో కొంత అణుగుతుంది. హద్దు దాటి పక్కకు పాకితే అది కీలాయిడ్. ఛాతీ, భుజాలు, చెవితమ్మెల మీద ఎక్కువ.

హద్దులో ఉన్నదానికి మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్ గానీ, రాసుకునే సిలికాన్ జెల్ గానీ వాడండి. షీటు రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలపాటు ఉండాలి. చాలామంది రెండు వారాలకే విసుగొచ్చి మానేస్తారు, ఫలితం లేదనుకుంటారు. మే నెలలో షీటు కింద చెమట పట్టి చర్మం పేలుతుంది కాబట్టి ఎండాకాలంలో జెల్ మేలు. షీటే వాడితే రోజూ కడిగి, చర్మం బాగా ఆరాక అంటించాలి. మచ్చ మీద వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, రోజుకు రెండు మూడుసార్లు గుండ్రంగా ఒత్తుతూ మర్దన చేయండి.

కీలాయిడ్‌కు ఇవి సరిపోవు. డాక్టర్ దానిలోకే ఇంజెక్షన్ ఇస్తారు. ఊరికే కోసేస్తే చాలాసార్లు ఇంకా పెద్దదిగా వస్తుంది.

దురద ఆగడం లేదు

కాలిన చోట నూనె గ్రంథులు దెబ్బతిని చర్మం ఎండిపోతుంది. స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే వాజిలిన్ రాయండి. మరీ వేడి నీళ్లు వద్దు. రాత్రి నిద్ర పట్టనంత దురదుంటే మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి.

తెల్లబడింది

బొల్లి అని ఇంట్లో కంగారు పడతారు, పెళ్లి కావాల్సిన పిల్లలైతే టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ చోట రంగు తయారుచేసే కణాలు దెబ్బతినడం వల్లే సాధారణంగా ఇలా తెల్లబడుతుంది. కొందరిలో అంచుల నుంచీ వెంట్రుకల మొదళ్ల నుంచీ నెమ్మదిగా రంగు తిరిగొస్తుంది. కాలని చోట కూడా తెల్లమచ్చలు కనిపిస్తేనే వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడే కాలింది, మచ్చ పడకూడదు

కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. ఐస్, టూత్‌పేస్ట్, ఇంకు, పిండి ఏవీ వద్దు, బొబ్బ చిదమొద్దు. పుండు ఎంత త్వరగా మానితే మచ్చ అంత తక్కువ.

వేలు పూర్తిగా చాపలేకపోతున్నారు, లేదా పాత మచ్చ మీద పుండు లేచి మానడం లేదు

ఈ రెండింటికీ ఇంటివైద్యం లేదు. మొదటిది కీలు బిగుసుకుపోతున్న గుర్తు. రెండోది అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. ఒంగోలు రిమ్స్‌లో గానీ నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో గానీ చూపించండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఏ స్టెరాయిడ్ ఎంతకాలం వాడారో డాక్టర్‌కు వాటిని చూస్తేనే తెలుస్తుంది.