తలుపులకు, కిటికీలకు వైర్‌లెస్ సెన్సర్లు పెట్టుకోవడం ఎలా?

తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే అయిదున్నరకు వీధి తలుపు తీసి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గేస్తుంది. ఆ తలుపు తెరుచుకోగానే హైదరాబాద్‌లో ఉన్న నా ఫోన్‌లో చప్పుడు లేకుండా ఒక చిన్న నోటిఫికేషన్ వచ్చి కూర్చుంటుంది. ఏడింటికి కూడా తెరుచుకోకపోతే మాత్రం ఫోన్ గట్టిగా మోగుతుంది. ఇప్పటికి రెండుసార్లు మోగింది. ఒకసారి పెళ్లి నుంచి రాత్రి ఆలస్యంగా వచ్చి పడుకుందంతే. రెండోసారి జ్వరంతో లేవలేకపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్కింటి పిన్నిగారు వెళ్లి చూశారు.

అగ్గిపెట్టెంత ఉండే డోర్ సెన్సర్ చేసిన పని ఇది. దీన్ని దొంగల కోసమే అనుకుంటారు చాలామంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, బాల్కనీ వైపు పరుగెత్తే పసిపిల్లలకు ఇది అంతకంటే ఎక్కువ ఉపయోగం అని నా అనుభవం. సరిగ్గా బిగించకపోతే అంత టెన్షన్ కూడా పెడుతుంది. అందుకే నేను చేసిన పద్ధతిని వరుసగా చెబుతాను.

లోపల ఏముంటుంది?

సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి. చిన్న ముక్కలో అయస్కాంతం తప్ప ఏమీ ఉండదు. పెద్ద ముక్కలో బ్యాటరీ, రేడియో చిప్, రీడ్ స్విచ్ ఉంటాయి. సన్నటి గాజు గొట్టంలో, వెంట్రుకవాసి ఎడంతో ఉండే రెండు లోహపు రేకులే రీడ్ స్విచ్. అయస్కాంతం దగ్గరికొస్తే రేకులు అతుక్కుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ తయారుచేసిన స్విచ్ ఇది. ఇప్పటికీ చాలా సెన్సర్లలో ఇదే వాడుతున్నారు.

కాబట్టి ఈ పరికరానికి తెలిసింది ఒక్కటే, అయస్కాంతం దగ్గరుందా లేదా అని. తలుపు వేసి ఉందని చెబుతుంది గానీ గడియ పెట్టారో లేదో చెప్పదు. రెక్క కదపకుండా కిటికీ అద్దం పగలగొడితే దానికి తెలియదు. ఇది దృష్టిలో పెట్టుకునే కొనండి.

1. ఏ తలుపుకు, ఎందుకు?

ఇల్లంతా తిరిగి ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి తలుపు పక్కన ‘ఇది తెరిస్తే ఎవరికి తెలియాలి, ఎంతసేపట్లో తెలియాలి’ అన్నది కూడా రాయండి. జవాబు దొరకని తలుపును కొట్టేయండి. మా ఇంట్లో పన్నెండు అనుకున్నవి చివరికి నాలుగయ్యాయి. అవి వీధి తలుపు, పెరటి తలుపు, డాబా మీది తలుపు, పడకగది కిటికీ. పిల్లలుంటే బాల్కనీ తలుపు, సంప్ మూత కూడా చేర్చండి. మూతకైతే తడి తగలనిచోట బిగించే వీలుండాలి.

అమ్మానాన్నల ఇంటికి పెడుతుంటే ముందు వాళ్లకు చెప్పండి. ఇందులో కెమెరా లేదని, మాటలు వినదని, తలుపు కదలిక ఒక్కటే తెలుస్తుందని పరికరం చేతికిచ్చి చూపించండి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘తోరణం కట్టే మేకుకు అడ్డం రాకుండా పెట్టు’ అంది. అంతే, ఒప్పుకుంది.

2. ఏ రకం కొనాలి?

ఒక్క తలుపుకే అయితే వైఫై సెన్సర్ చాలు, హబ్ (సెన్సర్ల కబురు అందుకుని ఫోన్‌కు చేర్చే చిన్న పెట్టె) అక్కర్లేదు. కాకపోతే వైఫై బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. నిద్రపోతున్న సెన్సర్ లేచి రౌటర్‌ను పట్టుకుని కబురు పంపేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ మారిస్తే దాన్ని మళ్లీ మొదటి నుంచీ కలపాలి.

రెండు మూడు దాటితే జిగ్బీ తీసుకోండి. చిన్న పరికరాల కోసం చేసిన, బ్యాటరీ తక్కువ తాగే వైర్‌లెస్ పద్ధతి అది. ఒక హబ్ కావాలి గానీ బ్యాటరీ చాలాకాలం వస్తుంది, కబురు వెంటనే అందుతుంది. కరెంటుతో నడిచే జిగ్బీ ప్లగ్గులు దారిలో సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపుతాయి. హబ్ హాల్లో ఉండి సెన్సర్ డాబా మీద ఉంటే మధ్యలో మెట్ల దగ్గర అలాంటి ప్లగ్గు ఒకటి పెడితే సరిపోతుంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ ప్రమాణానికి తగ్గ సెన్సర్లయితే వేర్వేరు కంపెనీల యాప్‌లతో కలుస్తాయి. వాటిలో థ్రెడ్ (జిగ్బీ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) మీద నడిచేవాటికి, వాటిని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే థ్రెడ్ బోర్డర్ రౌటర్ ఇంట్లో ఉండాలి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఒక్క విషయం చూసుకోండి. జడ్-వేవ్ అనే మరో వైర్‌లెస్ పద్ధతి పరికరాలు అక్కడ 908.4 మెగాహెర్ట్జ్ మీద, మన దేశంలో 865.2 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అక్కడి సెన్సర్‌ను ఇక్కడి హబ్ వినలేదు. జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కు ఆ ఇబ్బంది లేదు, ఎక్కడైనా ఒకటే.

3. హబ్‌కు కలపండి

బ్యాటరీ దగ్గరున్న ప్లాస్టిక్ పట్టీ లాగేయండి. యాప్‌లో కొత్త పరికరం చేర్చమని నొక్కి, సెన్సర్ మీద బటన్‌ను లైటు మినుకుమినుకుమనే దాకా పట్టుకోండి. కలవగానే పేరు పెట్టండి. ‘సెన్సర్ 3’ అని వదిలేస్తే అర్ధరాత్రి మెసేజ్ వచ్చినప్పుడు ఏ తలుపో గుర్తురాదు. ‘అమ్మ ఇల్లు, పెరటి తలుపు’ అని ఉంటే చూడగానే తెలుస్తుంది.

జిగ్బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంటాయి కాబట్టి హబ్‌ను రౌటర్‌కు ఆనించి పెట్టకండి, నాలుగైదు అడుగులు జరపండి. కంప్యూటర్‌కు తగిలించే జిగ్బీ డాంగిల్ అయితే యూఎస్‌బీ 3 పోర్టు దగ్గర్లోనే ఉండకుండా పొడుగాటి యూఎస్‌బీ కేబుల్‌తో దూరం పెట్టాలి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది.

4. ముందు మాస్కింగ్ టేప్‌తో అంటించి చూడండి

నేను తప్పు చేసింది ఇక్కడే. పెట్టెలో ఇచ్చిన డబుల్ సైడ్ టేప్‌తో నేరుగా అతికించేశాను. పాత ద్వారబంధం, పైన రంగు పొరలు పొరలుగా ఉంది. మే నెల ఎండకు మధ్యాహ్నం రంగు పొరతో సహా ఊడి కింద పడింది. ‘వీధి తలుపు తెరిచి ఉంది’ అని గంటసేపు మెసేజ్. అమ్మ ఫోన్ వంటింట్లో ఉంది. ఆ గంట నేను పడ్డ కంగారు మీరు పడకూడదు.

పెద్ద ముక్క కదలని ద్వారబంధానికి, అయస్కాంతం తలుపు రెక్కకు పెట్టండి. తలుపు ధడేలున వేసినప్పుడల్లా కుదుపు తగిలేది రెక్కకే. రెండు ముక్కల మీదా చిన్న గీతలుంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. బందులవైపు కాకుండా గొళ్లెం వైపు, పైమూలన పెట్టాలి. బందుల దగ్గర రెక్క తక్కువ కదులుతుంది. అక్కడ పెడితే తలుపు బాగా తెరిచాక గానీ తెలియదు.

ఇప్పుడు స్కేలు పట్టుకోండి. తలుపును నెమ్మదిగా తెరుస్తూ ఫోన్‌లో ‘తెరిచింది’ అని ఎంత దూరంలో వస్తుందో కొలవండి. చాలా సెన్సర్లు 15 నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర మారతాయి. తలుపు వేసినప్పుడు రెండు ముక్కల మధ్య ఎడం అందులో సగం లోపే ఉండేలా చూడండి. వర్షాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పూర్తిగా పడదు. అప్పుడు కూడా సెన్సర్ సరిగ్గా చెప్పాలంటే ఆ సగం వెసులుబాటు ఉండాలి.

ఇనుప తలుపులు, గ్రిల్ గేట్లు వేరే కథ. ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాగేసుకుంటుంది. చెక్క తలుపు మీద 18 మిల్లీమీటర్లు అందుకున్న సెన్సర్ ఇనుప తలుపు మీద దానిలో కొంత కూడా అందుకోకపోవచ్చు. అయస్కాంతం కింద అర అంగుళం చెక్కముక్క గానీ ప్లాస్టిక్ ముక్క గానీ పెట్టి లేపండి. అల్యూమినియానికి ఈ సమస్య లేదు. యూపీవీసీకీ లేదు గానీ కొన్ని యూపీవీసీ కిటికీల చట్రంలో బలం కోసం స్టీలు బద్దలుంటాయి, పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పాత ఇళ్లలో రెండు రెక్కల తలుపులుంటాయి కదా. ఎప్పుడూ బోల్టు వేసి ఉంచే రెక్కకు పెద్ద ముక్క, రోజూ తీసే రెక్కకు అయస్కాంతం పెట్టండి. ఏ రెక్క తెరిచినా రెండూ విడిపోతాయి, ఒక్క సెన్సర్‌తో సరిపోతుంది.

ఊచలున్న స్లైడింగ్ కిటికీని గాలి కోసం నాలుగంగుళాలు తెరిచి పడుకునే అలవాటుంటే విడిగా ఇంకో అయస్కాంతం కొనండి. కిటికీ పూర్తిగా వేసినప్పుడు ఒకటి, నాలుగంగుళాలు తెరిచినప్పుడు రెండోది సెన్సర్ ఎదురుగా వచ్చేలా రెక్క మీద అమర్చండి. రెండు చోట్లా ‘వేసి ఉంది’ అనే చూపిస్తుంది. ఆ రెండు చోట్లా కాకుండా ఇంకెక్కడున్నా కబురొస్తుంది.

మాస్కింగ్ టేప్ మీదే రెండు రోజులు నడవనివ్వండి. గడియ పెట్టాక తలుపును గట్టిగా ఊపి చూడండి, తప్పుడు కబురు రాకూడదు.

5. గట్టిగా అతికించండి

చోటు కుదిరాక లేచిపోయే రంగు ఉంటే గరుకు కాగితంతో గీకేయండి. దుమ్ము, నూనె జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. టేప్ అంటించి అర నిమిషం నొక్కిపట్టండి. సున్నం గోడ మీద, చేత్తో తాకితే పొడి అంటుకునే డిస్టెంపర్ మీద టేప్ నిలవదు. చెక్క అయితే చిన్న స్క్రూలే మేలు. గుమ్మానికి పసుపు, తోరణం పెట్టే రోజుల్లో చెయ్యి తగలనంత పైన ఉంటే ఇంకా మంచిది.

6. ఎప్పుడు మోగాలి, ఎప్పుడు మోగకూడదు

తలుపు తీసినప్పుడల్లా ఫోన్ మోగేలా పెడితే వారం తిరక్కుండా నోటిఫికేషన్లు ఆపేస్తారు. అప్పుడు సెన్సర్ ఉండీ లేనట్టే. అందుకే చప్పుడు చేసేవి రెండు మూడుకు మించకూడదు.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు నేను వాడే నియమం ఇది. తెల్లవారుజామున 4 నుంచి 7 లోపు వీధి తలుపు గానీ పెరటి తలుపు గానీ ఒక్కసారైనా తెరవకపోతే నా ఫోన్ మోగాలి. నేను అమ్మకు ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే పిన్నిగారికి చేస్తాను. అమ్మ ఊరెళ్లినప్పుడు ఆపడానికి యాప్‌లో ‘ఊళ్లో లేదు’ అని ఒక బటన్ పెట్టుకున్నాను.

దీనితోపాటు తలుపు తెరిచిన రోజు నిశ్శబ్దంగా వచ్చే నోటిఫికేషన్ కూడా తప్పకుండా పెట్టండి. దాని అవసరం నాకు మెల్లగా అర్థమైంది. హబ్ ఆగిపోయినా, నెట్ పోయినా ఫోన్ మోగదు. అంతా బాగున్న రోజు కూడా మోగదు. ఈ రెండు మౌనాలకూ తేడా చెప్పేది ఆ చిన్న నోటిఫికేషనే. కాఫీ తాగుతూ అది వచ్చిందా అని చూస్తాను. రాకపోతే ఏడింటిదాకా ఆగను.

బాల్కనీ తలుపు, సంప్ మూత విషయంలో ఫోన్ సరిపోదు. ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్‌లో ఉండొచ్చు. ఇంట్లోనే వెంటనే గంట కొట్టే సైరన్‌కో, స్మార్ట్ స్పీకర్‌కో ముడిపెట్టండి. గంట మోగుతుందన్న ధైర్యంతో పైబోల్టు వేయడం మాత్రం మానకండి.

రాత్రి పది తర్వాత పెరటి తలుపు పది నిమిషాలకు మించి తెరిచి ఉంటే మోగాలి. చెత్త పారబోయడానికి తీసినా మోగితే విసుగొస్తుంది, అందుకే ఆ పది నిమిషాలు. కిటికీ రెండు నిమిషాలు తెరిచి ఉంటే ఏసీ ఆగేలా కూడా పెట్టుకోవచ్చు. ఏసీని ప్లగ్గు దగ్గర కట్ చేయకుండా రిమోట్ సిగ్నల్ పంపే ఐఆర్ పరికరంతో ఆపండి. తప్పనిసరై ప్లగ్గే వాడితే 16 ఆంపియర్లది తీసుకోండి.

7. కరెంటు పోతే?

సెన్సర్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ హబ్, రౌటర్, ఫైబర్ పెట్టె కరెంటు మీదే ఉంటాయి. ఇన్వర్టర్ ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే రౌటర్ పెట్టిన ప్లగ్గుకు ఇన్వర్టర్ లైనే లేదు. మెయిన్ ఆపేసి ఏవేవి వెలుగుతున్నాయో ఒకసారి మీ కళ్లతో చూడండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకు పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది. మీ రౌటర్, హబ్ అడాప్టర్ల మీద రాసిన వోల్టేజీ చూసి దానికి తగ్గది కొనండి. హబ్ ఆఫ్‌లైన్ అయితే తెలిపే సదుపాయం యాప్‌లో ఉంటే అదీ ఆన్ చేయండి.

ఇల్లు తాళం వేసి ఊరెళ్లేటప్పుడు సెన్సర్ మీదే భారం వేయకండి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్లపై నిఘాకు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పథకం ఉంది. ఎవరూ లేని ఇంట్లో తలుపు తెరిచినట్టు కబురొస్తే ముందు పక్కింటివాళ్లకు ఫోన్ చేసి బయటి నుంచే చూడమనండి, అనుమానం ఉంటే 112కు చేయండి. ఒంటరిగా లోపలికి వెళ్లమని ఎవరికీ చెప్పకండి.

8. బ్యాటరీలు

ఎక్కువ సెన్సర్లలో సీఆర్2032 లేదా సీఆర్1632 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఇంకోటి పట్టదు, మూత తీసి చదివాకే కొనండి. మార్చిన తేదీని చిన్న చీటీ మీద రాసి మూత లోపల అంటించండి. యాప్ చూపించే శాతాన్ని పూర్తిగా నమ్మకండి. ఆ బ్యాటరీల వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది.

పాత బ్యాటరీని ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తీసిన వెంటనే రెండు వైపులా టేప్ చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేయండి.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, దసరాకు ఒకసారి ప్రతి తలుపూ తెరిచి, మూసి, ఫోన్‌లో కబురు వచ్చిందో లేదో చూడండి. అమ్మ ఇంట్లో ఆ పని ఇప్పుడు అమ్మే చేస్తోంది. ఒక్కో తలుపూ తీస్తూ ‘ఇది వచ్చిందా, ఇది వచ్చిందా’ అని ఫోన్‌లో అడుగుతుంది. వచ్చిందని నేను చెప్పేదాకా పక్క తలుపు దగ్గరికి కదలదు.