పాడైన టార్-బీజిప్2 బ్యాకప్‌లోంచి ఫైళ్లు ఎలా తీయాలి?

టార్ అంటే చాలా ఫైళ్లను ఒకే ఫైలుగా కట్టే ప్రోగ్రామ్, బీజిప్2 అంటే దాన్ని కుదించేది. కావలసినవి లినక్స్ మెషిన్, బీజిప్2 ప్యాకేజీ, విప్పాక వచ్చే సైజుకి రెండింతలు మించిన ఖాళీ జాగా. అసలు ఫైలు ముట్టుకోవద్దు, కాపీ మీదే పని చేయండి. డిస్కే పోతోందంటే మామూలు కాపీ పెట్టకండి. పాడవుతున్న డిస్కులోంచి చదవగలిగినంతా కాపీ చేసే డీడీరెస్క్యూ వాడండి, ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పనిసరి.

ఖాళీ ఫోల్డర్‌లో కాపీ పెట్టి, బీజిప్2 ప్యాకేజీలోనే ఉండే బీజిప్2రికవర్ నడపండి. రెక్00001, రెక్00002 అంటూ ముక్కలు వస్తాయి. బీజిప్2కి 'టీ' ఆప్షన్ ఇచ్చి ఒక్కోదాన్నీ పరీక్షించండి. ఫెయిలైనవాటిని పక్కన పెట్టి, వాటి నంబర్లు రాసుకోండి.

ముక్కలు ఇలా వచ్చేది బీజిప్2 కాబట్టే. ఇది గరిష్ఠంగా 900 కిలోబైట్ల బ్లాకులుగా కోసి దేనికది విడిగా కుదిస్తుంది, ప్రతి బ్లాకు మొదట్లో 48 బిట్ల గుర్తు పెడుతుంది. జీజిప్ అనే ఇంకో కుదింపు ప్రోగ్రామ్‌లో ఆ గుర్తుల్లేవు. పైగా వెనకటి 32 కిలోబైట్ల మీద ఆధారపడి ముందుకెళ్తుంది కాబట్టి, ఒకచోట తెగితే ఆ తర్వాతది విప్పడం చాలా కష్టం. ఏళ్ల తరబడి దాచే బ్యాకప్‌కి జీజిప్ వద్దే వద్దు.

చాలామంది పని చెడగొట్టుకునేది ఇక్కడి నుంచి. మిగిలిన ముక్కలన్నీ ఒకటిగా కలిపేసి టార్‌కి ఇస్తారు. అలా అస్సలు చేయకండి. తెగినచోట ఉన్న ఫైలుకి తక్కువైన బైట్లను టార్ పక్క ఫైలులోంచి తీసి నింపేస్తుంది. పేరు సరిగ్గా ఉంటుంది, సైజూ సరిపోతుంది, లోపల మాత్రం చెత్త. ఎర్రర్ రాకపోవచ్చు కూడా.

ఫెయిలైన ముక్కకి ముందు ముక్కలు ఒక భాగం, తర్వాతవి ఇంకో భాగంగా విప్పి పెట్టుకోండి. రెండుచోట్ల తెగితే మూడు భాగాలు. మొదటి భాగాన్ని నేరుగా టార్‌కి ఇవ్వండి. చివరి ఫైలు సగమే వస్తుంది, దాన్ని తీసేయండి.

తర్వాతి భాగం నేరుగా ఇస్తే తెరుచుకోదు. టార్ ప్రతి 512 బైట్లకోసారి హెడర్ (ఒక్కో ఫైలు పేరు, సైజు ఉండే భాగం) కోసం చూస్తుంది, పోయిన బ్లాకు వల్ల ఆ లెక్క తప్పుతుంది. మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి ఏ, బీ, ఓ ఆప్షన్లిచ్చి, హెడర్‌లో ఉండే 'యూస్టార్' అనే మాటను, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, వెతకండి. వచ్చిన మొదటి సంఖ్యలోంచి 256 తీసేయండి. హెడర్‌లో ఆ మాట, సున్నా నుంచి లెక్కిస్తే, 257వ బైటు దగ్గరుంటుంది కానీ, ఫైలును ఒకచోటి నుంచి చివరిదాకా ఇచ్చే టెయిల్ కమాండ్ లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. 257 తీస్తే ఒక బైటు తేడాతో మొత్తం పోతుంది. 256 తీసేయగా వచ్చిన సంఖ్యకి ముందు ప్లస్ గుర్తు పెట్టి, టెయిల్ 'సీ' ఆప్షన్‌తో కోసి, టార్‌కి పంపండి. ప్లస్ మరిచిపోతే ఫైలు చివర్లోంచి అన్ని బైట్లే వస్తాయి.

ఇది టార్ ఆర్కైవ్ కాదని ఎర్రర్ వస్తే, ఆ మాట ఏదో ఫైలు లోపల దొరికిందన్నమాట. గ్రెప్ ఇచ్చిన రెండో సంఖ్యతో మళ్లీ చేయండి.