క్లాసిఫైడ్ సైట్ల లెక్క చదవడం – 4వ పాఠం: డబ్బు కట్టేదెవరు?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఏదో ఒక క్లాసిఫైడ్ సైట్ (పాత బండి, అద్దె ఇల్లు, ఉద్యోగం లాంటి చిన్న ప్రకటనలు పెట్టుకునే సైట్) తీసుకుని, దానికి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: "అమ్మకం జరిగితే కమీషన్ తీసుకుంటుంది." దాంతో ఈసారి చెప్పాలనుకున్న 'సైట్‌కి విలువ కట్టడం' వెనక్కి జరిగింది. ముందు ఈ కమీషన్ సంగతి తేల్చుకుందాం.

మీ పాత స్ప్లెండర్ ఫొటోలు పెట్టి 32 వేలు అని రాశారనుకోండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకాయన ఫోన్ చేసి "లాస్ట్ ఎంతన్నా?" అన్నాడు. సాయంత్రం వచ్చాడు. కిక్ కొట్టాడు, టైర్లు నొక్కాడు, ఆర్సీ తిరగేశాడు. 28 వేలకి ఒప్పించి, అక్కడికక్కడే యూపీఐలో పంపి, బండి తీసుకుపోయాడు. ఇందులో సైట్ ఎక్కడుంది? మీ నంబరు అతని చేతికి చేరగానే దాని పని అయిపోయింది. బేరం ఎంతకు తెగిందో దానికి తెలియదు. అసలు తెగిందో లేదో కూడా తెలియదు. మీరు యాడ్ తీసేస్తే బండి అమ్ముడుపోయి ఉండొచ్చు, మీరు మనసు మార్చుకునీ ఉండొచ్చు. తెలియని బేరంలో వాటా ఎలా అడుగుతుంది?

అమెజాన్ కమీషన్ తీసుకోగలదు, ఎందుకంటే డబ్బు దాని చేతి మీదుగా పోతుంది. క్లాసిఫైడ్‌లో పోదు. "మా సైట్‌లో ఇన్ని వేల కోట్ల సరుకు చేతులు మారింది" అని వార్త కనిపిస్తే అది ఆదాయం కాదని ముందు గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు అది అమ్మేవాళ్లు రాసుకున్న ధరల మొత్తమే. మన లెక్కలో ఆ 32 వేలు. బేరంలోకి దూరాలని చూసినవాళ్లు లేకపోలేదు. క్వికర్ అనే క్లాసిఫైడ్ సైట్ 'డోర్‌స్టెప్' పేరుతో పాత వస్తువును ఇంటి దగ్గర తీసుకుని కొన్నవాళ్లకు చేర్చే పని పెట్టుకుంది. అంటే మోత, గోడౌను, వాపసు గొడవలు అన్నీ నెత్తికెత్తుకోవాలి. అప్పుడది వేరే వ్యాపారం.

మరి కట్టేదెవరు? నా అడ్డదారి ఇది: మళ్లీ మళ్లీ వచ్చేవాణ్ణి వెతకండి. సోఫా అమ్మేవాడు అయిదేళ్లకోసారి వస్తాడు, పైసా అడిగితే పారిపోతాడు. బ్రోకరు, కార్ల డీలరు, ఉద్యోగులు కావాల్సిన కంపెనీ వారం వారం వస్తారు. సోఫా జనాన్ని తెస్తుంది, డీలరు డబ్బు తెస్తాడు.

అమెరికా క్లాసిఫైడ్ సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ చూడండి. 1995లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ మిత్రులకు పంపే ఈమెయిల్ జాబితాగా మొదలైంది. అప్పట్లో దాదాపు అన్నీ ఉచితమే. మొదట డబ్బు అడిగింది శాన్ ఫ్రాన్సిస్కోలో ఉద్యోగ ప్రకటనలు వేసే కంపెనీలను. 2006లో న్యూయార్క్ బ్రోకర్లకు ఒక్కో అద్దె ఇంటి యాడ్‌కి 10 డాలర్లు పెట్టింది. ఈ రెండోది నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే దానివల్ల ఆదాయం ఒక్కటే కాదు, శుభ్రత కూడా వచ్చింది. ఉచితంగా ఉన్నన్నాళ్లూ బ్రోకర్లు ఒకే ఫ్లాట్‌ని పైన కనిపించాలని పదేపదే ఎక్కించేవాళ్లు. మియాపూర్‌లో టూ బీహెచ్‌కే వెతికినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అదే వంటగది ఫొటో, అదే పచ్చ బకెట్, నాలుగు వేర్వేరు నంబర్లు. అన్నిటికీ "ఓనర్ డైరెక్ట్" అని తోక. ఫోన్ చేస్తే మాత్రం నెల అద్దె బ్రోకరేజీ.

నౌకరీ 1997లో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలనే ఎక్కించుకుని మొదలైంది. దాని సంపాదన ప్రధానంగా కంపెనీల నుంచి: ఉద్యోగ ప్రకటనలకూ, రెజ్యూమేల గుట్టలో వెతుక్కోవడానికీ కట్టే చందా. ఉద్యోగం వెతికేవాడు అక్కడ సరుకు. వినడానికి బాగోదు గానీ, లెక్క అదే.

ఓఎల్‌ఎక్స్ గురించి ఒక్క మాట. 2023లో దాని భారత వ్యాపారాన్ని 537 కోట్లకు కొన్నది కార్ల క్లాసిఫైడ్ల సంస్థ కార్‌ట్రేడ్ టెక్. ఫర్నిచర్ వాళ్లు కాదు, ఫోన్ల వాళ్లు కాదు. డబ్బు కట్టే డీలర్లున్నది కార్లలో కదా.

ఇంకో జవాబు కూడా తరచుగా వచ్చింది: "పత్రికల డబ్బంతా ఈ సైట్లకి వెళ్లింది." అంతా వెళ్లలేదు. అమెరికా పత్రికలకు 2000లో క్లాసిఫైడ్ల మీద దాదాపు 1,960 కోట్ల డాలర్లు వస్తే, 2010కి అది 560 కోట్లకు పడింది. మాంద్యం దెబ్బ కూడా అందులో ఉంది. పోయిన దాంట్లో కొంత భాగం ఎవరి గల్లాపెట్టెలోనూ పడలేదు. లైనుకింత అని కట్టేవాళ్లు కట్టడం మానేశారు, అంతే.

అభ్యాసం. మీ ఊరి సెకండ్ హ్యాండ్ బైకుల విభాగం తెరిచి, పైన కనిపించే 50 యాడ్లు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి: పేరు, ధర, ఫొటో వెనక ఏముంది, 'ఫీచర్డ్' ముద్ర (డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న యాడ్ గుర్తు) ఉందా. వారం పాటు రోజూ చూసి, ఏది మాయమైందో, ఏది కొత్త ధరతో తిరిగొచ్చిందో రాయండి. ఒకే షట్టర్, ఒకే గోడ రెండు ఫొటోల్లో కనిపిస్తే అక్కడ డీలరు ఉన్నట్టే అనుమానించండి. తర్వాత మీరే ఒక యాడ్ మొదలుపెట్టి, డబ్బు అడిగే పేజీ దాకా వెళ్లి, రేటు రాసుకుని వెనక్కి వచ్చేయండి. ఆ 50 మందిలో ఎంతమంది ఆ రేటు ప్రతి నెలా కడతారో పేరు పేరునా టిక్కు పెట్టి పంపండి. కమీషన్ అనే మాట రాసినవాళ్ల పేజీ చదవను.